గుండె కుదురుకుంది, అడుగే పడటం లేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే మాట. వైద్యం బాగా జరిగింది, రిపోర్టులు బాగున్నాయి, డాక్టరుగారు నడవమన్నారు, కానీ నడవాలంటే భయం. ఇదేదో తమ ఒక్కరికే ఉన్న పిరికితనం అన్నట్టు అందరూ కాస్త సిగ్గుపడుతూనే రాశారు. గుండెజబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లతో రోజూ వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టుని నేను. మొదటిరోజు మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ భయం లేనివాళ్లు చాలా తక్కువ. దీనికి వైద్యంలో కినీసియోఫోబియా అని పేరు కూడా ఉంది, కదలడమంటే భయం అని. అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 54. నాలుగు నెలల కిందట హార్ట్ ఎటాక్ వచ్చింది, వెంటనే స్టెంట్ వేశారు. ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, పంపింగ్ 55 శాతం, మామూలుగానే ఉంది. రోజూ అరగంట నడవమన్నారు. మొదటివారం నడిచాను. ఒకరోజు వీధి చివరికి వెళ్లేసరికి గుండె దడదడలాడింది, ఎడమవైపు సూదితో పొడిచినట్టయింది, గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఆసుపత్రికి పరిగెత్తాం. ఈసీజీ, రక్తపరీక్ష చేసి ఏమీ లేదన్నారు. అప్పట్నుంచి గేటు దాటాలంటే టెన్షన్. రోజుకు ముప్పై నలభై సార్లు నాడి చూసుకుంటున్నాను. మెట్లెక్కడం మానేసి కింది గదిలోనే పడుకుంటున్నాను. ఇంకొన్నాళ్లు విశ్రాంతి తీసుకుంటే గుండె గట్టిపడుతుందని, అప్పుడు నడవొచ్చని అనుకుంటున్నాను. ఎన్నాళ్లు ఆగమంటారు?

జవాబు: ఆగొద్దండీ. మీ ఉత్తరంలో నన్ను బాగా కలవరపెట్టింది ఆ చివరి మాటే. విశ్రాంతితో గుండె గట్టిపడదు. గుండెపోటులో దెబ్బతిన్న కండరం మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, మీకు నాలుగు నెలలు దాటింది. ఇప్పుడు మీరు కూర్చుంటున్న ప్రతి వారం గుండెకు మందు కాదు, కాళ్లకూ ఊపిరితిత్తులకూ నష్టం.

ఎంత నష్టమో చెప్పడానికి నేను మా పేషెంట్లందరికీ ఒక విషయం చెబుతుంటాను. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన ఇరవై ఏళ్ల కుర్రాళ్లను మూడు వారాలపాటు మంచం మీదే ఉంచారు. మూడు వారాలే. వాళ్ల శరీరం శ్రమ చేసే శక్తి బాగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురినీ మళ్లీ పరీక్షించారు, అప్పటికి వాళ్లకు యాభై ఏళ్లు. ముప్పై ఏళ్లలో వయసు పైబడటం వాళ్ల శక్తిని తగ్గించిన దానికంటే ఆ మూడు వారాల మంచం ఎక్కువ తగ్గించిందని తేలింది. జబ్బులేని కుర్రాళ్ల సంగతే అలా ఉంటే గుండెపోటు నుంచి లేచిన మనిషి గదిలోంచి కదలకపోతే ఏమవుతుందో చూడండి. కాళ్ల కండరాలు సన్నబడతాయి, అవి రక్తంలోంచి ప్రాణవాయువును సరిగ్గా లాక్కోలేవు, దాంతో అదే నాలుగు మెట్లకు గుండె ఇదివరకటి కంటే ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. ఆ దడ చూసి మీరు భయపడతారు, భయపడి ఇంకా తక్కువ కదులుతారు. ఇప్పుడు మీకు జరుగుతున్నది సరిగ్గా ఇదే.

విశ్రాంతే మందు అన్న ఆలోచన మీకొక్కరికే వచ్చింది కాదు లెండి, డాక్టర్లకే ఒకప్పుడు ఉండేది. గుండెపోటు వచ్చినవాళ్లను ఆరేసి వారాలు మంచం దిగనిచ్చేవాళ్లు కాదు. 1952లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లోన్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు రోగిని తొందరగా లేపి కుర్చీలో కూర్చోబెడితేనే మేలని రాశారు, అప్పట్లో అదే పెద్ద సాహసం. చిత్రమేమిటంటే అంతకు చాలా ముందే, 18వ శతాబ్దంలో లండన్‌లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు, నడిస్తే ఛాతీ పట్టేసే తన రోగి ఒకాయన రోజూ అరగంట కట్టెలు కోసి దాదాపు నయం చేసుకున్నాడని రాసిపెట్టాడు. ఆ మాట అందరికీ చేరడానికి ఇన్నేళ్లు పట్టింది, మన ఇళ్లలోకి ఇంకా పూర్తిగా రానేలేదు.

ఇక ఆ రోజు వీధి చివర జరిగిందాని గురించి. ముందుగా, ఆసుపత్రికి వెళ్లి మంచిపని చేశారు, అందుకు ఏ మాత్రం చిన్నబోవద్దు. పరీక్షలన్నీ సరిగ్గా ఉన్నాయంటే ఆ రోజు జరిగింది బహుశా ఇది. నడిస్తే ఎవరికైనా గుండె వేగం పెరుగుతుంది, ఒంట్లో వేడి పుడుతుంది, చెమట పడుతుంది, ఊపిరి పెద్దదవుతుంది. హార్ట్ ఎటాక్ వచ్చిన రోజున మీరు అనుభవించినవీ ఇంచుమించు ఇవే కదా, దడ, చెమట, ఆయాసం. మీ మెదడు ఆ రోజును మర్చిపోలేదు. మళ్లీ అవే కనిపించగానే గంట కొట్టేసింది. గంట కొట్టగానే భయంతో అడ్రినలిన్ విడుదలై గుండె ఇంకా వేగంగా కొట్టుకుంది, ఛాతీ కండరాలు బిగుసుకున్నాయి, సూదిపోటు వచ్చింది. నొప్పి నిజమైనదే, మీరు ఊహించుకున్నది కాదు. అది పుట్టిన చోటు మాత్రం గుండె కాదు.

ఏది ఏ నొప్పో ఎలా తెలుస్తుందని తప్పకుండా అడుగుతారు. వేలితో ఇక్కడ అని చూపించగలిగే సూదిపోటు, పక్కకు తిరిగినా నొక్కినా గట్టిగా ఊపిరి పీల్చినా మారే నొప్పి, ఒకటి రెండు క్షణాలు మెరిసి పోయే నొప్పి చాలావరకు కండరాలదీ ఎముకలదీ. గుండె నొప్పి సాధారణంగా ఒక చుక్కలా ఉండదు, ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టో, పట్టేసినట్టో, మంటలాగానో వస్తుంది, దవడకూ భుజానికీ చేతికీ వీపుకూ పాకుతుంది, శ్రమ చేస్తే పెరిగి ఆగితే తగ్గుతుంది. మీకు ఎటాక్ వచ్చినప్పుడు ఎలా అనిపించిందో అదే మీకు మంచి గుర్తు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, వయసు మళ్లినవాళ్లలో నొప్పే లేకుండా ఆయాసం, నీరసం, వికారంగా కూడా రావచ్చు, కాబట్టి ఈ గుర్తుల్ని గుడ్డిగా నమ్మొద్దు. అనుమానంగా ఉంటే ఆగి కూర్చోండి. డాక్టరు నాలుక కింద మాత్ర ఇచ్చి ఉంటే కూర్చునే పెట్టుకోండి, నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఐదు నిమిషాల్లో తగ్గకపోయినా, ఇంకా పెరుగుతున్నా అంబులెన్స్‌ను పిలవండి, సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లొద్దు.

స్టెంట్ కదిలిపోతుందేమో అని మీరు రాయలేదు గానీ చాలామంది మనసులో ఉండే మాట అది. కదలదు. లోపల బెలూన్‌ను మామూలు గాలి పీడనానికి పది రెట్లకు పైగా ఒత్తిడితో ఉబ్బించి ఆ లోహపు జాలీని రక్తనాళం గోడలోకి నొక్కేస్తారు, తర్వాత కొన్ని వారాలు, నెలల్లో దాని మీద రక్తనాళపు లోపలి పొర పెరిగి కప్పేస్తుంది. నడిచినా దగ్గినా పరిగెత్తినా అది జారదు. స్టెంట్‌కు నిజంగా ప్రమాదం రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు సొంతంగా మానేస్తే వస్తుంది. భయపడాల్సింది ఏదైనా ఉంటే అది.

ఇప్పుడేం చేయాలి. ముందు మీ కార్డియాలజిస్టును కలిసి, ఆ రోజు జరిగింది దాచకుండా చెప్పి, ట్రెడ్‌మిల్ పరీక్ష, అదే టీఎంటీ, చేయొచ్చా అని అడగండి. జబ్బు కనుక్కోవడం ఒక్కటే దాని ప్రయోజనం కాదు. ఈసీజీ తీగలు ఒంటికి ఉండగా, డాక్టరు పక్కనుండగా మీ గుండె దడదడలాడి, చెమట పట్టి, ఏమీ కాకుండా మళ్లీ మామూలవడం మీ కళ్లతో మీరే చూస్తారు. నేను వంద మాటలు చెప్పినా రాని నమ్మకం అక్కడ తొమ్మిది నిమిషాల్లో వచ్చిన మనుషుల్ని చూశాను. మీకు అందుబాటులో కార్డియాక్ రిహాబ్, అంటే గుండెజబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లతో దగ్గరుండి వ్యాయామం చేయించే కార్యక్రమం, ఉంటే అందులో చేరండి. అలా పర్యవేక్షణలో చేసే వ్యాయామంలో గుండె ఆగిపోయే సంఘటన దాదాపు 1,17,000 గంటలకు ఒకటి, మరణం దాదాపు 7,50,000 గంటలకు ఒకటి అని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లో లెక్క చెప్పింది. వ్యాయామంతో కూడిన రిహాబ్‌లో చేరినవాళ్లలో గుండెజబ్బు మరణాలూ, మళ్లీ ఆసుపత్రిలో చేరడాలూ తగ్గుతాయని ఎన్నో అధ్యయనాలు కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి.

డాక్టరు సరే అన్నాక ఇంటి దగ్గర ఇలా మొదలుపెట్టండి. అరగంట అన్న మాటను ప్రస్తుతానికి పక్కన పెట్టేయండి, అది గమ్యం, మొదటిరోజు పని కాదు. మీకు ఏది ఎంత భయమో ఒక కాగితం మీద రాయండి. గేటు దాకా నడవడం పదికి మూడు, నాలుగో ఇంటిదాకా ఐదు, పై గదికి మెట్లెక్కడం ఏడు, వీధి చివర ఆ గోడ తొమ్మిది, ఇలా. మూడు దగ్గర మొదలుపెట్టి ఆ ఒక్క పనే రోజుకు రెండు మూడుసార్లు చేయండి, విసుగొచ్చేదాకా చేయండి. విసుగు వచ్చిందంటే భయం పోయినట్టే, అప్పుడు పై మెట్టు. దడ మొదలవగానే వెనక్కి తిరిగి ఇంటికి పరిగెత్తడం మీ అలవాటైంది, అది మానాలి, ఎందుకంటే ఇల్లు చేరాకే దడ తగ్గితే ఇల్లే కాపాడిందని మెదడు నమ్ముతుంది. పైన చెప్పిన గుండె నొప్పి గుర్తులు, కళ్లు తిరగడం, చల్లటి చెమట, గుండె లయ తప్పినట్టుండటం ఇవేవీ లేకుండా ఉత్త దడే అయితే, నడక నెమ్మది చేసి అక్కడే అటూ ఇటూ తిరుగుతూ అది తగ్గేదాకా ఉండండి. రెండు నిమిషాలో మూడు నిమిషాలో పడుతుంది. అది దానంతట అదే తగ్గడం మీరు వీధిలోనే చూడాలి. ఇలా ఐదారుసార్లు చూశాక ఆ గోడ దాకా వెళ్లడం అంత కష్టమనిపించదు.

మొదటి ఐదు నిమిషాలూ చివరి ఐదు నిమిషాలూ నెమ్మదిగా నడవాలి, ఇది చాదస్తంగా చెబుతున్నాననుకోకండి. చకచకా నడిచి టక్కున ఆగిపోతే కాళ్లలోకి వెళ్లిన రక్తం అక్కడే నిలిచి బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, మీలాంటివాళ్లు దాన్నే ఇంకో ఎటాక్ అనుకుంటారు. వేగం ఎంతంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. తిన్న వెంటనే వద్దు, గంటన్నర ఆగండి. జ్వరం ఉన్న రోజు మానేయండి. అన్నీ కుదురుకున్నాక వారానికి 150 నిమిషాలు మన లక్ష్యం, దానికి రెండు మూడు నెలలు పట్టినా పర్వాలేదు.

నాడి సంగతి. రోజుకు నలభై సార్లు చూస్తే గుండె మీకు నలభై రకాల అంకెలు చూపిస్తుంది, దాని తత్వమే అది. పొద్దున లేవగానే ఒకసారి, నడక అయ్యాక ఒకసారి, అంతకుమించి వద్దు. మొదటి మూడు రోజులు చేతులు ఊరికే మణికట్టు మీదకు పోతాయి, నాలుగో వారానికి తగ్గుతాయి.

ఇంకొక్క మాట. నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే కన్నీళ్లు రావడం, బతికి ఏం లాభం అనిపించడం ఇవి రెండు వారాలకు మించి ఉంటే అది భయం ఒక్కటే కాదు, డిప్రెషన్. గుండెపోటు తర్వాత ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి వస్తుంది. అది ఉంటే వ్యాయామం మొదలుపెట్టడమే కష్టం. దానికి మంచి వైద్యం ఉంది, మీ డాక్టరుతో నోరు తెరిచి చెప్పండి.

ప్రశ్న: మావారికి బైపాస్ అయి ఏడు వారాలైంది. నడుస్తానంటారు, పూలకుండీలు జరుపుతానంటారు, నాకేమో ప్రాణం పోతుంది. నేనే ఆపుతుంటాను. పిల్లలు నన్నే తప్పు పడుతున్నారు. ఆయన ఎముక కోసిన మనిషి కదా, జాగ్రత్త పడటం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నది మీరు. ఆయన మత్తులో ఉన్న ఆ గంటలన్నీ మెలకువగా గడిపింది మీరే. ఆ భయం ఆయనకంటే మీకే ఎక్కువ మిగిలి ఉండటంలో వింత లేదు.

మీ జాగ్రత్తలో సగం సరైనదే. బైపాస్‌లో ఛాతీ మధ్య ఎముకను కోసి తీగలతో కుడతారు. అది అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తిగా గట్టిపడటానికి మూడు నెలల దాకా పడుతుంది. కాబట్టి పూలకుండీలు ఇప్పుడే వద్దు, ఈ విషయంలో మీదే గెలుపు. నాలుగైదు కిలోలకు మించి ఎత్తడం, బరువైనవి తోయడం, లాగడం సర్జన్‌గారు చూసి సరే అనేదాకా ఆపండి. దగ్గొస్తే ఛాతీకి దిండు హత్తుకుని దగ్గమనండి. ఎముక దగ్గర టక్ టక్ మని కదిలినట్టున్నా, కుట్ల దగ్గర రసి కారినా, జ్వరం వచ్చినా వెంటనే చూపించాలి. ఎడమ ఛాతీ మీద మొద్దుబారినట్టు, చీమలు పాకినట్టు ఉందని ఆయన అంటుంటే కంగారు పడకండి, లోపలి రక్తనాళాన్ని అక్కణ్ణుంచి తీసి వాడతారు కాబట్టి చాలామందికి నెలల తరబడి ఉంటుంది.

నడక మాత్రం ఆపకూడదు. బైపాస్ అయినవాళ్లను ఆసుపత్రిలోనే ఒకటి రెండు రోజుల్లో లేపి నడిపిస్తారు, మీరు చూసే ఉంటారు. ఏడో వారంలో ఆయన నడవాలనుకోవడం ఆయన బాగుపడుతున్నాడనడానికి గుర్తు.

మీకోసం ఒక పరిశోధన గురించి చెబుతాను, నాకు చాలా ఇష్టమైనది. 1985లో అమెరికాలో గుండెపోటు నుంచి కోలుకుంటున్న భర్తలకు ట్రెడ్‌మిల్ పరీక్ష చేస్తూ భార్యలను మూడు జట్లు చేశారు. కొందరిని బయట కూర్చోబెట్టారు, కొందరిని లోపల ఉండి చూడనిచ్చారు, కొందరిని చూడటమే కాకుండా అదే ట్రెడ్‌మిల్ మీద భర్త నడిచినంత కష్టంలో మూడు నిమిషాలు నడిపించారు. భర్త ఎంత శ్రమ తట్టుకోగలడు అని తర్వాత అడిగితే, తామూ నడిచి చూసిన భార్యలకే నమ్మకం బాగా పెరిగింది, ఇంచుమించు భర్తకున్న నమ్మకం దాకా వచ్చింది. మిగతావాళ్లకు అంతగా పెరగలేదు. చిన్న పరిశోధనే, ముప్పై జంటలే, కానీ నేను రోజూ చూసేదానికి అది సరిగ్గా సరిపోతుంది. ఆయన మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడు మీరూ లోపలికి వస్తానని అడగండి. ఈలోగా ఆయన పక్కన మీరూ నడవండి, ఆయన వేగంతోనే, ఆయన ఎక్కే మెట్లే ఎక్కండి. మీకూ కాస్త ఊపిరి పెద్దదవుతుంది, గుండె కొట్టుకుంటుంది. ఆయనలో మీరు చూసి హడలిపోయే ఆయాసం చాలావరకు నడిచే మనిషి ఎవరికైనా వచ్చే ఆయాసమేనని మీ ఒంటితోనే తెలుస్తుంది.

నడిచేటప్పుడు రెండు నిమిషాలకోసారి ఎలా ఉంది, నొప్పిగా ఉందా అని అడగకండి. మీరు అడిగిన ప్రతిసారీ ఆయన తన ఛాతీ వంక చూసుకుంటారు. ఏదైనా తేడాగా ఉంటే వెంటనే నేనే చెబుతాను, దాచను అని ఆయన దగ్గర ఒక మాట తీసుకోండి, ఆ తర్వాత వేరే కబుర్లు చెప్పుకోండి. వీలైతే సీపీఆర్, అంటే గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి బతికించే పద్ధతి, నేర్చుకోండి. వాడాల్సి వస్తుందని కాదు, ఏదైనా అయితే నేనేం చేయలేను అన్న నిస్సహాయతే మీ భయానికి సగం కారణం కాబట్టి.

ప్రశ్న: నా స్మార్ట్ వాచీలో నడిచేటప్పుడు గుండె వేగం 100 దాటడం లేదు. నా వయసుకు 130 ఉండాలని చూపిస్తోంది. మెటోప్రొలాల్ వాడుతున్నాను. గుండె బలహీనంగా ఉందా?

జవాబు: లేదు. గుండె వేగాన్ని అదుపులో పెట్టడమే మెటోప్రొలాల్ పని, అది తన పని చేస్తోంది. 220 లోంచి వయసు తీసేసి లెక్కేసే పద్ధతి ఆ రకం మందులు వాడేవాళ్లకు వర్తించదు. ఆ అంకె అందుకోవాలని వేగంగా నడవొద్దు, అంకె కోసం మాత్ర అసలే మానొద్దు. గున్నార్ బోర్గ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 6 నుంచి 20 దాకా ఒక కొలత తయారుచేశాడు, 6 అంటే ఊరికే కూర్చున్నట్టు, 20 అంటే ఇక నా వల్ల కాదన్నట్టు. మీకు 11 నుంచి 13 మధ్య, అంటే తేలికకూ కాస్త కష్టానికీ మధ్య అనిపిస్తే చాలు. నాలుగు నెలలయ్యాక అదే దూరం 9 లాగా అనిపిస్తుంది, వాచీలో అంకె మారకపోయినా మీరు బాగుపడ్డారన్నమాట.

ప్రశ్న: నా వయసు 47, స్త్రీని. గుండె కండరం బలహీనపడింది, పంపింగ్ 30 శాతం. రెండు నెలల కిందట ఐసీడీ, అదే గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం, అమర్చారు. స్టెంట్ వేసుకున్నవాళ్లు నడవొచ్చేమో గానీ నాలాంటివాళ్లకు వ్యాయామమేమిటి? పరికరం షాక్ కొడుతుందని ఎడమ చెయ్యి కూడా ఎత్తడం లేదు.

జవాబు: గుండె బలహీనంగా ఉన్నవాళ్లు కదలకూడదని కొన్ని దశాబ్దాల కిందటి వరకూ వైద్యులే చెప్పేవాళ్లు. తర్వాత పరీక్షించి చూశారు. 2009లో వెలువడిన హెచ్ఎఫ్ యాక్షన్ అనే పెద్ద పరిశోధనలో పంపింగ్ 35 శాతం, అంతకంటే తక్కువ ఉన్న 2,331 మంది పాల్గొన్నారు. క్రమపద్ధతిలో చేసే వ్యాయామం వాళ్లకు ప్రమాదకరం కాదని, రోజువారీ జీవితం కొంత మెరుగుపడిందని తేలింది. మీ ఆయాసం మొత్తం గుండె వల్లే వస్తోందనుకుంటున్నారు, అందులో కొంత వాటా నీరసించిన కాళ్ల కండరాలది. గుండె పంపింగ్ ఎంత పెరుగుతుందో నేను మాటివ్వలేను గానీ కండరాలు మాత్రం తప్పకుండా మెరుగవుతాయి, ఉన్న రక్తంతోనే ఎక్కువ పని చేయడం నేర్చుకుంటాయి.

మీ విషయంలో మొదలు మాత్రం పర్యవేక్షణలోనే జరగాలి, ఇంట్లో సొంతంగా కాదు. ఆరు నిమిషాల నడక పరీక్ష చేసి ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతారు. సాధారణంగా రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం విరామం, అలా నాలుగైదు విడతలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం కూడా మంచి వ్యాయామమే, పది లేవలేకపోతే మూడు లేవండి. రోజూ పొద్దున బరువు చూసుకుని రాసుకోండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా, పడుకుంటే ఆయాసం వస్తున్నా ఆ రోజు వ్యాయామం ఆపి డాక్టరును సంప్రదించండి, ఒంట్లో నీరు చేరుతోందని అర్థం.

ఐసీడీ ఎంత వేగం దగ్గర స్పందించేలా పెట్టారో మీ డాక్టరును అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. వ్యాయామంలో మీ గుండె వేగం దానికి పది ఇరవై తక్కువలోనే ఉండేలా చూస్తారు. ఇప్పుడు మీరు నడిచే నడకకు ఆ దరిదాపులకు వెళ్లడమే అరుదు. ఒకవేళ షాక్ వచ్చి మీరు బాగానే ఉంటే కూర్చుని డాక్టరుకు ఫోన్ చేయాలి, ఒకటికి మించి వచ్చినా, ఒంట్లో బాగోలేకపోయినా అంబులెన్స్. ఎడమ చెయ్యి భుజం కంటే పైకి ఎత్తొద్దనే జాగ్రత్త మొదటి నాలుగు నుంచి ఆరు వారాలకే, తీగలు కుదురుకోవడానికి. మీకు రెండు నెలలైంది. ఇంకా కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది, అది గుండె నొప్పికంటే ఎక్కువ ఏడిపిస్తుంది. డాక్టరును ఒక మాట అడిగి ఈ వారమే నెమ్మదిగా గోడ మీద వేళ్లు పాకించడం మొదలుపెట్టండి.

ప్రశ్న: అడగడానికి మొహమాటంగా ఉంది. గుండెపోటు వచ్చి మూడు నెలలైంది. భార్యాభర్తలుగా దగ్గరవడానికి ఇద్దరికీ భయంగా ఉంది. డాక్టరును అడగలేకపోయాం.

జవాబు: అడిగినందుకు సంతోషం, ఇదీ శరీరశ్రమే కాబట్టి ఈ పేజీలోదే. ఆ శ్రమ దాదాపు రెండంతస్తుల మెట్లు ఎక్కినంత. ఛాతీ నొప్పి గానీ విపరీతమైన ఆయాసం గానీ లేకుండా మీరు ఆ మెట్లు చకచకా ఎక్కగలుగుతుంటే, జబ్బు నిలకడగా ఉంటే, చాలామందికి అభ్యంతరం ఉండదు. ముందు మెట్లెక్కి చూసుకోండి, అప్పుడు ఇద్దరికీ ధైర్యంగా ఉంటుంది. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతున్నాను. నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు సిల్డెనఫిల్ (వయాగ్రా) లాంటి మందులు ఎట్టి పరిస్థితిలోనూ వేసుకోకూడదు, బీపీ ప్రాణాపాయంగా పడిపోతుంది. గుండె మందుల వల్ల ఆ విషయంలో ఇబ్బంది ఉందనిపిస్తే మందు మానేయకుండా డాక్టరుకు చెప్పండి, మార్చడానికి వీలుంటుంది. నోటితో అడగలేకపోతే ఒక చీటీ మీద రాసి ఇవ్వండి, నా దగ్గర చాలామంది అలాగే ఇచ్చారు.

ప్రశ్న: ఒంటరిగా ఉంటాను. దారిలో పడిపోతే ఎవరు చూస్తారన్న భయంతో నడకే మానేశాను. వయసు 63, స్టెంట్ వేసి ఆరు నెలలు.

జవాబు: ఒక కిలోమీటరు దూరం వెళ్లి తిరిగి రావడానికి బదులు, ఇంటి చుట్టూ చిన్న చిన్న చుట్లు వేయండి. ఏ క్షణంలోనైనా గుమ్మం రెండు మూడు నిమిషాల దూరంలోనే ఉంటుంది. మనుషులు తిరిగే వేళలోనే వెళ్లండి. జేబులో ఫోన్, డాక్టరు ఇచ్చిన నాలుక కింద మాత్ర, ఇంకా ఒక చిన్న కార్డు పెట్టుకోండి. ఆ కార్డు మీద మీ పేరు, స్టెంట్ వేసిన తేదీ, వాడే మందులు, ఫోన్ చేయాల్సిన ఒకరి నంబరు రాసి ఉండాలి. బయల్దేరేటప్పుడు ఎవరో ఒకరికి వెళ్తున్నానని, తిరిగొచ్చాక వచ్చానని మెసేజ్ పెట్టండి. రోజూ ఒకే వేళకు నడిస్తే వారం పది రోజుల్లో ఆ దారిలో మొహాలు తెలుస్తాయి, పలకరింపులు మొదలవుతాయి. ఎవరో ఒకరు రేపు ఇదే టైముకు వస్తారా అని అడుగుతారు, వస్తానని చెప్పండి.